పాత వంతెన, కొత్త రాళ్లు

బోస్నియా భాషలో 'స్తారి మోస్త్' అంటే పాత వంతెన. మన హైదరాబాదులో మూసీ నదిపై ఉన్న 'పురానాపూల్' పేరుకు అర్థమూ అదే. వయసు రీత్యా చూసినా రెండూ ఇంచుమించు ఒకే ఈడువి. మోస్తార్ పట్టణంలో నెరెత్వా నదిపై స్తారి మోస్త్ 1566లో పూర్తి కాగా, ఇబ్రాహీం కులీ కుతుబ్ షా పాలనలో పురానాపూల్ 1578లో పూర్తయింది. 1908 నాటి మూసీ వరద మన వంతెనను దెబ్బతీసినా, మరమ్మతులతో అది నేటికీ నిలిచి ఉంది. మోస్తార్ వంతెనను మాత్రం ఏ వరదా కూల్చలేదు. మనుషులే కూల్చారు. దాని కథ మన పాఠకులు తెలుసుకోదగినదని మేము భావిస్తున్నాము. ఎందుకంటే ఆ కథలో ముస్లిములు బాధితులుగానే గాక, సంరక్షకులుగానూ, కొన్నిచోట్ల తమ వారసత్వాన్ని తామే చెరుపుకున్నవారుగానూ కనిపిస్తారు.

ముందుగా ఆ ప్రజలను గూర్చి ఒక మాట. బోస్నియా ముస్లిములు అరబ్బులు కారు, తుర్కులూ కారు. వారి భాష స్లావ్ కుటుంబానికి చెందినది. పొరుగున ఉన్న సెర్బులు, క్రోట్లు మాట్లాడేదీ దాదాపు ఆ భాషే. ధర్మం ఇస్లాం, భాష స్థానికం. తెలుగు మాట్లాడే ముస్లిములమైన మనకు ఈ స్థితిని వేరుగా వివరించనవసరం లేదు. వారు తమ భాషను కొన్ని శతాబ్దాలపాటు అరబ్బీ లిపిలోనూ వ్రాసుకున్నారు. ఆ లిపికి 'అరెబిత్సా' అని పేరు.

స్తారి మోస్త్‌ను కట్టించినది ఉస్మానియా సుల్తాన్ సులైమాన్. కట్టినవాడు మహాశిల్పి సినాన్ శిష్యుడైన హైరుద్దీన్. అంతకు ముందు అక్కడ గొలుసులకు వ్రేలాడే చెక్క వంతెన ఉండేది. దానిపై నడవడానికి జనం భయపడేవారట. హైరుద్దీన్ నది మధ్యలో ఒక్క స్తంభమైనా నిలపకుండా, ఒడ్డు నుండి ఒడ్డుకు ఒకే ఒక రాతి కమానును ఎత్తాడు. దాని పొడవు సుమారు 29 మీటర్లు, వెడల్పు 4 మీటర్లు. 'తెనెలియా' అనే స్థానిక శిలను చెక్కి, రాయికీ రాయికీ నడుమ ఇనుప కొక్కేలు బిగించి, వాటి సందులలో కరిగిన సీసం పోశారు. ఊతకర్రలు తొలగించే రోజున కమాను కూలితే తనకు మరణశిక్ష తప్పదని తలచి, హైరుద్దీన్ ముందే తన సమాధిని త్రవ్వించుకున్నాడని ఒక జనశ్రుతి. అది నిజమో కాదో గాని, నాలుగు శతాబ్దాలకు పైగా కమాను కూలలేదు. వంతెనను కాపలా కాసేవారిని 'మోస్తారి' అనేవారు. పట్టణానికి ఆ పేరే స్థిరపడింది.

1992లో బోస్నియా యుద్ధం మొదలైనప్పుడు మోస్తార్‌లోని ముస్లిములు, క్రోట్లు కలిసి సెర్బు సేనలను ఎదుర్కొన్నారు. మరుసటి సంవత్సరం ఆ మిత్రులే పరస్పరం శత్రువులయ్యారు. నదికి పడమర వైపు క్రోట్లు, తూర్పు వైపు ముస్లిములు. 1993 నవంబర్ 9న క్రోట్ సేనల ఫిరంగి దెబ్బలకు స్తారి మోస్త్ నెరెత్వాలో కూలిపోయింది. దీనిపై అంతర్జాతీయ న్యాయస్థానంలో సుదీర్ఘ విచారణ సాగింది. ముస్లిం సైనికులు కూడా ఆ వంతెనను వాడుకుంటున్నందున అది సైనిక లక్ష్యమేనని 2017లో అప్పీలు న్యాయమూర్తులు నిర్ణయించి, వంతెనకు సంబంధించినంత వరకు క్రింది తీర్పును మార్చివేశారు. మనకు ఇది రుచించకపోవచ్చు. అయినా చెప్పవలసినదే.

వంతెన కూలిన చిత్రం ప్రపంచమంతటా ప్రచురితమైనప్పుడు క్రొయేషియా రచయిత్రి స్లావెంకా ద్రాకులిచ్ ఒక ప్రశ్న లేవనెత్తారు. చంపబడిన మనిషి చిత్రం కంటే కూలిన వంతెన చిత్రం మనల్ని ఎక్కువగా ఎందుకు కలచివేస్తున్నది అన్నది ఆ ప్రశ్న సారాంశం. మనిషి ఎన్నటికైనా మరణిస్తాడని మనకు తెలుసు, వంతెన మాత్రం మనకంటే ఎక్కువ కాలం ఉంటుందని అనుకుంటాం. అందుకే ఆ బాధ అని ఆమె తనకు తానే సమాధానం చెప్పుకున్నారు.

ఆ సమాధానాన్ని మేము సగమే అంగీకరిస్తాము. హజ్రత్ అబ్దుల్లాహ్ ఇబ్ను ఉమర్ (రజి) ఒకనాడు కఅబా వైపు చూసి, దాని ఘనతను కొనియాడుతూనే, విశ్వాసి గౌరవం అల్లాహ్ దృష్టిలో దానికంటే గొప్పదని అన్నట్లు తిర్మిజీ గ్రంథంలో ఉల్లేఖనముంది. అన్యాయంగా ఒక ప్రాణం తీయడం సమస్త మానవాళినీ చంపడంతో సమానమన్నది ఖుర్ఆన్ బోధ. కఅబా కంటే ప్రాణం మిన్న అయినప్పుడు, ఒక వంతెన గానీ గ్రంథాలయం గానీ ప్రాణానికి సాటి రాలేవు. ఈ క్రమం తారుమారు కారాదు. అయితే మనుషులను చంపుతున్నవారే, గుళ్లు పేల్చని గోడలను, మాట్లాడని పుస్తకాలను వెతికి వెతికి ఎందుకు నాశనం చేశారన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు మోస్తార్‌లో కంటే బన్యా లూకాలో స్పష్టంగా దొరుకుతుంది.

బన్యా లూకా పట్టణంలో పోరాటమే జరగలేదు. అది మొదటి నుండి సెర్బు అధికారుల చేతిలోనే ఉంది. అయినా అక్కడి పదహారు మసీదులూ నేలమట్టమయ్యాయి. 1579లో ఫెర్హాద్ పాషా కట్టించిన ఫెర్హాదియా మసీదును 1993 మే 7న మందుపాతరలతో పేల్చివేశారు. శిథిలాలను కూడా అక్కడ ఉండనివ్వక, లారీలలో తరలించి చెత్త దిబ్బలలోను, నీళ్లలోను పారవేశారు. ఫోచా పట్టణంలో 16వ శతాబ్దపు రంగుల చిత్రణకు పేరుపడ్డ అలాజా మసీదుకు 1992లోనే ఆ గతి పట్టింది. యుద్ధంలో గుండు తగిలి గోడ పడటం వేరు. గోడ పడిన తరువాత ఆ రాళ్లను కూడా దాచివేయడం వేరు. రెండవది చేసేవాడి ఉద్దేశం ఒక్కటే: వెళ్లగొట్టబడిన ప్రజలు రేపు తిరిగి వచ్చి, ఇది మా ఊరు అని చెప్పుకోవడానికి ఆనవాలు మిగలరాదు.

పుస్తకాల విషయమూ అంతే. 1992 మే 17న సరాయెవోలోని ప్రాచ్య విద్యాసంస్థ ఫిరంగి గుళ్లకు దగ్ధమైంది. అరబ్బీ, ఫార్సీ, తుర్కీ, హీబ్రూ భాషల వ్రాతప్రతులు, అరెబిత్సాలో వ్రాసిన బోస్నియా ప్రతులు అయిదు వేలకు పైగా బూడిదయ్యాయి. అదే ఏడాది ఆగస్టు 25 రాత్రి జాతీయ గ్రంథాలయం మండిపోయింది. కాలిన కాగితాల పొరలు పట్టణమంతటా గాలిలో తేలుతూ పడ్డాయని చూసినవారు చెప్పుకున్నారు.

ఇక్కడ మేము మన పాఠకులకు ఇంకొక మాట చెప్పి తీరాలి. మోస్తార్‌లోనే 1873లో కట్టిన ఆర్థడాక్స్ క్రైస్తవుల పెద్ద చర్చి 1992లో ధ్వంసమైంది. ఫ్రాన్సిస్కన్ సన్యాసుల చర్చి కూడా అదే ఏడాది కాలిపోయింది. సూరయె హజ్ 40వ ఆయత్‌లో మఠాలు, చర్చీలు, యూదుల ప్రార్థనాలయాలు, మసీదులు ఒకే వరుసలో పేర్కొనబడ్డాయి. మసీదుల జాబితా చదివి కన్నీరు పెట్టి, చర్చీల జాబితా వచ్చేసరికి పుట తిప్పేయడం ఆ ఆయత్ చదివేవారికి తగదు.

దుఃఖం చాలు. కాపాడినవారిని గూర్చి చెప్పుకుందాం.

సరాయెవోలో గాజీ ఖుస్రౌ బేగ్ మద్రసా 1537లో స్థాపితమైంది. దాని వక్ఫ్ పత్రంలో ఒక షరతు ఉంది. మద్రసా నిర్మాణానికి అయిన ఖర్చు పోను మిగిలిన సొమ్ముతో మంచి పుస్తకాలు కొనాలనీ, చదువుకునేవారు, ప్రతులు వ్రాసుకునేవారు వాటిని వాడుకోవాలనీ దాని భావం. మా వంటి మద్రసా ఉపాధ్యాయులకు ఈ షరతు మహా ముచ్చటగా తోస్తుంది. మన దగ్గర నిర్మాణం పూర్తయ్యాక మిగులు సొమ్ము అనేదే సాధారణంగా కనిపించదు. కనిపించినా అది మినారుకో, ద్వారానికో పోతుంది గాని పుస్తకాల అలమరా దాకా రాదు! ఆ మిగులు సొమ్ముతో మొదలైన గ్రంథాలయం వేలాది వ్రాతప్రతులతో 20వ శతాబ్దాంతం దాకా పెరిగింది. ముట్టడి కాలంలో దాని ఉద్యోగులు ఆ ప్రతులను పెట్టెలకెత్తి, తుపాకి గుళ్ల నడుమ చేతులతో మోసుకుంటూ ఒక చోటి నుండి మరొక చోటికి పలుమార్లు మార్చారు. మోసినవారిలో కాంగో దేశం నుండి వచ్చి అక్కడ రాత్రి కాపలాదారుగా పని చేస్తున్న వ్యక్తి కూడా ఉన్నాడు. ఆ వ్రాతప్రతులు దక్కాయి. 2014లో ఖతర్ దేశపు సాయంతో గ్రంథాలయానికి క్రొత్త భవనం ఏర్పడింది.

యూదుల 'హగ్గాదా' కథ ఇంకా గొప్పది. అది 14వ శతాబ్దంలో స్పెయిన్‌లో రంగుల చిత్రాలతో తయారైన ప్రార్థనా గ్రంథం. స్పెయిన్ నుండి వెళ్లగొట్టబడిన యూదులతో పాటు ప్రయాణించి, చివరకు సరాయెవో చేరింది. 1942లో జర్మన్ నాజీ సేనాపతి దానికోసం మ్యూజియంకు వచ్చినప్పుడు, అక్కడి గ్రంథపాలకుడు దర్వేష్ కోర్కుత్ దానిని బయటికి దాటించాడు. ఆయన ముస్లిం విద్వాంసుడు. అది కొండ ప్రాంతంలోని ఒక పల్లెలో ఇమాము సంరక్షణలో యుద్ధం ముగిసేదాకా దాగి ఉందని చెబుతారు. ఆయన, ఆయన సతీమణి సర్వెత్ ఒక యూదు బాలికకు కూడా తమ ఇంట ఆశ్రయమిచ్చారు. మళ్లీ 1992లో మ్యూజియం ఫిరంగుల ఎదుట పడినప్పుడు అదే గ్రంథాన్ని వెలికితీసి బ్యాంకు ఖజానాకు చేర్చినవారిలో ముఖ్యుడు ఎన్వర్ ఇమామొవిచ్ అనే మరొక ముస్లిం ఆచార్యుడు. మన పిల్లలకు వీరుల కథలు చెప్పేటప్పుడు ఖడ్గధారుల కథలతో పాటు ఈ పుస్తకాల పెట్టెల కథలు కూడా చెప్పండి.

ఇక పునర్నిర్మాణం. మోస్తార్ వంతెన రాళ్లను హంగేరీ గజ ఈతగాళ్లు నది అడుగు నుండి పైకి తీశారు. పరీక్షిస్తే వాటిలో చాలావరకు కమాను భారాన్ని మోయలేవని తేలింది. దానితో నాటి తెనెలియా శిలనే క్రొత్తగా తీసి, నాటి పద్ధతిలోనే చేతితో చెక్కి, ఇనుప కొక్కేలు బిగించి, సీసం పోసి కట్టారు. ప్రపంచ బ్యాంకు, యునెస్కో, ఆగా ఖాన్ సంస్థ, మరికొన్ని దేశాలు తోడ్పడ్డాయి. నిర్మాణాన్ని చేపట్టినది తుర్కీ సంస్థ. 2004 జూలై 23న వంతెన తెరుచుకుంది. మరుసటి ఏడాది అది ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. యువకులు కమాను శిఖరం నుండి నదిలోకి దూకే పాత ఆచారమూ తిరిగి మొదలైంది.

మరి పట్టణం ఒక్కటైందా? అంత తేలికగా కాలేదు. 2000లోనే పట్టణానికి పైన ఉన్న హూమ్ కొండపై 33 మీటర్ల శిలువను నిలిపారు. ఫ్రాన్సిస్కన్ చర్చిని తిరిగి కట్టినప్పుడు దాని గంటల గోపురాన్ని నూరు మీటర్లకు పైగా లేపారు. క్రొత్తగా లేచిన మినార్లు కూడా తమ వంతు పోటీ పడుతూనే ఉన్నాయి. ఎత్తులో పోటీ మొదలైతే అది ఆరాధన కోసం కట్టిన కట్టడమని నమ్మడం కష్టం. పట్టణాన్ని ఎలా పాలించాలన్న విషయమై పార్టీల మధ్య తగవు తెగక, 2008 తరువాత 2020 డిసెంబరు వరకు మోస్తార్‌లో పురపాలక ఎన్నికలే జరగలేదు! ప్రపంచమంతా సఖ్యతకు చిహ్నంగా ఫోటోలు తీసుకుంటున్న వంతెన ఉన్న ఊరిలో పన్నెండేళ్లపాటు ఓటు పెట్టె తెరుచుకోలేదు.

బన్యా లూకాలో మరింత కఠినమైన అనుభవం. 2001 మే 7న ఫెర్హాదియా శంకుస్థాపనకు వచ్చినవారిపై అల్లరి మూక దాడి చేసింది. గాయపడిన ఒక ముస్లిం తరువాత మరణించారు. అయినా పని ఆగలేదు. చెత్త దిబ్బల నుండి, నీళ్ల నుండి పాత రాళ్లను వెతికి తెచ్చి, ఏ ముక్క ఏ గోడదో పోల్చి, పనికివచ్చిన వాటిని తిరిగి గోడలలో పొదిగారు. 2016 మే 7న మసీదు తెరుచుకుంది. కూల్చిన తేదీనే తెరిచే తేదీగా ఎంచుకున్నారు. ఫోచాలోని అలాజా 2019లో తెరుచుకుంది.

అన్ని పునర్నిర్మాణాలూ ఇంత జాగ్రత్తగా జరగలేదు. ఇది చెప్పడం మాకు కష్టమే, అయినా దాటవేయలేము. సరాయెవోలోని గాజీ ఖుస్రౌ బేగ్ మసీదు ఫిరంగి దెబ్బలకు గురైనా నిలిచింది. యుద్ధం తరువాత సౌదీ నిధులతో దానిని బాగు చేసినప్పుడు, లోపలి గోడలమీది లతలు, రంగుల అలంకరణలు అనవసర ఆడంబరమని తొలగించి, తెల్లగా సున్నం వేశారు. స్థానికులు నొచ్చుకున్నారు. కొన్నేళ్లకు మళ్లీ రంగులు వేయించుకోవలసి వచ్చింది. మసీదులో ఆడంబరం కూడదన్న వాదన మాకు తెలియనిది కాదు; దానికి ఫిఖహ్ గ్రంథాలలో చోటూ ఉంది. అయితే శతాబ్దాలుగా ఒక జమాఅత్ కళ్లకు అలవాటైన గోడను దాత ఇష్టానికి తుడిచివేసే హక్కు దానమివ్వడం వల్ల లభిస్తుందా? మన జిల్లాలలోని పాత మసీదులను చూడండి. గచ్చు పని చేసిన మిహ్రాబుపై స్నానాల గదికి తగిన పలకలు అతికిస్తున్నాము. ఫార్సీ శిలాశాసనంపై పెయింటు పూస్తున్నాము. ఇంట్లో తాతగారి కాలపు వ్రాతప్రతులను, పాత ఉత్తరాలను, చిరిగిన ముస్‌హఫ్‌తో పాటు ఒకే మూటలో కట్టి నీళ్లలో వదులుతున్నాము. శత్రువు చేస్తే విధ్వంసమనీ, మనం చేస్తే మరమ్మతనీ పిలుచుకుంటున్నాము. కమిటీ పెద్దలు ఈ మాటకు కోపగించుకుంటే కోపగించుకోనివ్వండి.

కళల సంగతి క్లుప్తంగా చెబుతాము, ఎందుకంటే సంగీతం విషయంలో మా అభిప్రాయం ఈ శీర్షిక పాఠకులకు తెలిసినదే. బోస్నియాలో 'సెవ్దాలింకా' అనే పాటల సంప్రదాయముంది. ఆ పేరులోని 'సెవ్దా', మన ఉర్దూలోని 'సౌదా' ఒకే అరబ్బీ మూలం నుండి వచ్చినవి. అక్కడా ఇక్కడా దానికి తపన అని అర్థం. ఆ పాటలను మూడు జాతుల వారూ తమవేనంటారు. 1996లో ఈవో మార్కోవిచ్ అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసి 'పొంతానిమా' అనే గాయక బృందాన్ని ఏర్పరచారు. ఆత్మల వంతెన అని ఆ పేరుకు భావం. భిన్న మతాలవారు అందులో కలిసి అన్ని మతాల భక్తి గీతాలను పాడతారు. ఇతరుల ప్రార్థనా గీతాన్ని మనం పాడవచ్చునా అంటే, పాడరాదనే మా సమాధానం. అయితే నిన్నటి దాకా ఒకరి గోపురాన్ని మరొకరు పేల్చుకున్న ఊళ్లలో, ఇతరుల ప్రార్థనను నిశ్శబ్దంగా కూర్చుని వినడం కూడా చిన్న పని కాదు.

మా అసలు ఆందోళన బడులను గూర్చినది. వంతెనకు శిల, సీసం దొరికాయి. బడికి అవి పనికిరావు. యుద్ధం తరువాత బోస్నియాలో 'ఒకే కప్పు క్రింద రెండు బడులు' అనే ఏర్పాటు వచ్చింది. భవనం ఒక్కటే. ముస్లిం పిల్లలకు ఒక పాఠ్యక్రమం, క్రోట్ పిల్లలకు మరొకటి. ఉపాధ్యాయులు వేరు, ప్రధానోపాధ్యాయులు వేరు, కొన్నిచోట్ల ద్వారాలు వేరు, వచ్చే వేళలూ వేరు. ఇటువంటి పాఠశాలలు యాభైకి పైగా ఉన్నట్లు లెక్క తేలింది. చరిత్ర పాఠంలో ఒక తరగతికి వీరుడైనవాడు పక్క తరగతికి హంతకుడు. శరణార్థులు తిరిగి వచ్చినప్పుడు తాత్కాలికంగా మొదలుపెట్టిన ఈ పద్ధతి స్థిరపడిపోయింది. ఇది వివక్షేనని 2014లో సమాఖ్య సుప్రీంకోర్టు చెప్పినా పరిస్థితి పెద్దగా మారలేదు. మోస్తార్‌లోని ప్రసిద్ధ ఉన్నత పాఠశాలలో 2004లో రెండు పరిపాలనలనూ ఒక్కటి చేశారు. పాఠ్యక్రమాలు మాత్రం రెండుగానే మిగిలాయి.

మన పిల్లలకు ధార్మిక విద్య వేరుగా చెప్పవలసి ఉందని ముప్పై ఏళ్లుగా మద్రసాలో పాఠం చెబుతున్న మాకంటే గట్టిగా వాదించేవారు ఎవరుంటారు? గాజీ ఖుస్రౌ బేగ్ మద్రసా కూడా నేటికీ నడుస్తూనే ఉంది, నడవాలి. ధర్మాన్ని నేర్పడానికి వేరు గది కావాలి. పొరుగువాడిని ఎరుగకుండా పెంచడానికి వేరు ద్వారం కట్టడం దానికి పూర్తిగా భిన్నమైన పని. మొదటిదాని పేరు చెప్పి రెండవదానిని సమర్థించుకునేవారు అన్ని జాతులలోనూ ఉంటారు, మనలోనూ ఉన్నారు.

యాయ్‌త్సే పట్టణంలో జరిగినదానిని బట్టి ఈ తేడా బోధపడుతుంది. అక్కడి హైస్కూలు పిల్లలు, ముస్లిములు, క్రోట్లు, ఒకే బడిలో క్రోట్ పాఠ్యక్రమం చదువుతుండేవారు. ముస్లిం పిల్లలకు తమ పాఠ్యక్రమంతో వేరు హైస్కూలు కావాలన్న కోరిక బయలుదేరి, 2016లో ప్రాంతీయ ప్రభుత్వం అందుకు నిర్ణయం తీసుకుంది. కోరికలో న్యాయం లేదని మేము అనము. తమ భాష, తమ చరిత్ర ఇతరుల పుస్తకంలోనే చదవవలసి రావడం చిన్న బాధ కాదు. అయితే పిల్లలు ఆ పరిష్కారాన్ని ఒప్పుకోలేదు. ఆపిల్ పండ్లనూ బేరీ పండ్లనూ కలపరాదని పూర్వం ఆ ప్రాంతపు విద్యామంత్రి ఒకరు ఈ విభజనను సమర్థిస్తూ అన్న మాటను గుర్తుపెట్టుకుని, ఆ రెండు పండ్ల బొమ్మలనే తమ నిరసన గుర్తుగా పట్టుకుని రెండు జాతుల విద్యార్థులూ కలిసి వీధులలోకి వచ్చారు. పెద్దలు మందలించినా వెనుదిరగలేదు. 2017లో ప్రభుత్వం వేరు బడి ఆలోచనను విరమించుకుంది. మరుసటి ఏడాది ఆ విద్యార్థులకు మాక్స్ వాన్ దెర్ స్తూల్ పురస్కారం లభించింది. వారందరూ యుద్ధం ముగిసిన తరువాత పుట్టినవారే.